ఎడమ చెవి తీర్పులు

ఆ బజారులో దర్జీ మాస్టారి చెవిని మించిన చెవి లేదని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా మొదటి పాట పల్లవి తిరక్కముందే అందులో కుట్టు ఎక్కడ తప్పిందో పట్టేస్తాడు. పాడినవాడికి జలుబు చేసిందో, రాసినవాడికి ఇంట్లో మాటల్లేవో, డ్రమ్ములు వాయించినవాడు భుక్తాయాసంతో కూర్చున్నాడో కూడా చెప్పేస్తాడు. సంగీతం నేర్చుకున్నాడా అంటే లేదు, అందరిలాగే పని చేసుకుంటూ వినే రకం. కానీ అతను ఒకసారి పెదవి విరిచాక ఆ పాటని ఆ బజారులో ఎవరూ పైకి మెచ్చుకోరు. ఒక గాయకుడైతే కోటు కుట్టించుకుందామని వచ్చి, కొలతలిస్తూ తన పాట సంగతి అడిగి, మాస్టారు చెప్పిన ఒక్క ముక్క విని, చెయ్యి కొలత దగ్గరే టేపు విడిపించుకుని వెళ్ళి ఇటుకల వ్యాపారం పెట్టుకున్నాడు. ఇటుకలు బాగానే పోతున్నాయట, అదీ మాస్టారి చలవే.

అటువంటి మనిషి ఆ మధ్యాహ్నం ఒక్క మాట దగ్గర చిక్కుపడిపోయాడు. మాట పెద్దదేం కాదు. బావుంది. అంతే. కూతురు ఇంకో గంటలో వస్తుంది. ఆమె ఫోను చేసింది తల్లికి, అతనికి కాదు. దుకాణం వెనకభాగంలో స్టూలు మీద కూర్చుని బొత్తాల కాజాలు కుట్టుకుంటున్న ఆవిడ ఫోను దించకుండానే, గంటలో వస్తుందట, కోటు సిద్ధంగా ఉంచమంటోందని అతని వీపుకి చెప్పింది. సాయంత్రం పెద్ద హాల్లో ఆ పిల్ల పాడుతుంది, ఆ కోటు వేసుకునే పాడుతుంది. ఇల్లు వదిలి వేరే గది తీసుకున్నాక తండ్రితో నేరుగా మాట్లాడింది లేదు, కోటు సంగతి కూడా తల్లి చేతే చెప్పించింది. కోటైనా తన దగ్గరే కుట్టించుకుంటోంది కదా అని మాస్టారు లోపల్లోపల ఉబ్బిపోయి, ఆ ఆకారానికి ఇంకెవడూ కుట్టలేడని ఇప్పటికి తెలిసొచ్చిందన్నమాట అని పైకి అన్నాడు. ఆమె ఆల్బమ్ వచ్చి రెండు వారాలైంది. ఇప్పుడు పిల్ల లోపలికి వచ్చినప్పుడు, మెడలో టేపు తియ్యకుండా, తల ఎత్తకుండా, ఏదో పొరపాటున నోట్లోంచి జారినట్టు బావుందని ఒక్క మాట అనేస్తే వాళ్ళమ్మ పక్కన కాసేపు కూర్చుంటుంది; అనకపోతే కోటు తీసుకుని పోతుంది, ఇంకో కోటుకి ఇంకో దర్జీని చూసుకుంటుంది. అది అతనికి తెలుసు. తెలిసే, కాలితో పెడలు తొక్కుతూ, చేత్తో లైనింగు తోస్తూ, ఆ మాట నోట్లో తిప్పుకుంటున్నాడు. బావుంది. బావుంది కానీ. బావుందనే అనుకోవాలి. బావుంది, నువ్వు పాడినట్టే లేదు. ఎన్నిసార్లు కత్తిరించినా మాట చివర ఒక పోగు వేలాడుతూనే ఉంది. నోటికి అలవాటు లేని మాట కొత్త చెప్పులాంటిది, ఎక్కడో ఒకచోట కరుస్తుంది.

మాట కుదరనప్పుడు పాట పెట్టుకోవడం అతని పద్ధతి. ఆల్బముల పేర్లు అతనికి గుర్తుండవు, అట్ట మీద బొమ్మలే గుర్తు. ఫోనులో గొడుగు బొమ్మ ఉన్నది పెట్టాడు. వచ్చాడండీ వానబ్బాయి, ఎన్ని పాటలుంటే అన్నిట్లోనూ వాన పడుతుంది, అన్నిట్లోనూ వీడు తడుస్తాడు, చూరు కిందకి పోయి నిలబడదామన్న ఇంగితం ఒక్క పాటలోనూ లేదు, వీడికి కావాల్సింది సంగీతం కాదు, తువ్వాలు. డ్రమ్ముల మనిషి గుర్తొచ్చినప్పుడు ఒక దెబ్బ వేసి ఊరుకుంటున్నాడు, జీతం సరిగ్గా ఇవ్వట్లేదేమో. పోనీ పొడుగు కుట్లకి పనికొస్తుంది, ఒక పాటకి ఒక ప్యాంటు కాలు. తర్వాత గుర్రం బొమ్మ. కార్ల గురించి పాడేవాడు అట్ట మీద గుర్రం ఎందుకెక్కాడో వాడికే తెలియాలి. ఎంత సంపాదించాడో చెప్తాడు, ఎవరెవరు కుళ్ళుకుని చస్తున్నారో చెప్తాడు, ఊపిరి మాత్రం తీసుకోడు, వీడికి కాలరు ఒక అంగుళం బిగించి కుడితే లోకానికి శాంతి. అయితే ఆ దడదడకి బొత్తాల పట్టీ గబగబా నడుస్తుంది, అది ఒప్పుకోవాలి. తర్వాత కళ్ళు మూసుకున్న అమ్మాయి బొమ్మ, గుసగుసల పిల్ల. పక్కగదిలో పసిబిడ్డని పడుకోబెట్టి వచ్చినట్టు పాడుతుంది, రెండు పాటలు వినేసరికి ఆ బిడ్డెవరో లేచి గుక్కపెడితే బావుండుననిపిస్తుంది. ఆ తర్వాత పెద్దాయన, పళ్ళన్నీ కనబడేలా నవ్వే బొమ్మ. ఒకప్పుడు ఈయన పాటలు ఈల వేసుకుంటూ మాస్టారు ఇప్పుడు భార్యైన ఆవిడ ఇంటి ముందు సైకిలు అరిగేదాకా తిరిగాడు. ఆమె కిటికీ తలుపు మూసేది, మళ్ళీ తీసేది, ఆ తియ్యడమే అతనికి జవాబు. ఇప్పుడా గొంతుని యంత్రంలో పెట్టి సాగదీశారు, పాత ప్యాంటు నడుము విప్పి వేరే గుడ్డ అతికినట్టు, అతుకు రంగు ఎండలో తెలిసిపోతోంది. ఇంట్లో కూర్చోక ఎందుకీ పాట్లు అనుకున్నాడు మాస్టారు. అనుకుని, ఆయనా తనూ ఒకే ఈడువాళ్ళమని గుర్తొచ్చి, పాట మార్చేశాడు.

పాట ఎడమ చెవికి, బేరం కుడి చెవికి, అది అతని ఏర్పాటు. మిషను చక్రం కుడివైపు తిరుగుతుంది కదా, మొదటిసారి ఇయర్‌ఫోను పెట్టుకున్న రోజున కుడివైపు తీగ జారి ఆ చక్రానికి చుట్టుకుని అతని తలని లాక్కుంది. ముక్కు సూది దాకా వెళ్ళింది, కాలు ఆగబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ రోజు కుట్టిన చొక్కా ముక్కుతో సహా ఇచ్చి పంపాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి కొత్త జత కొన్నప్పుడల్లా మొదటి పని, దారాల కత్తెర తీసుకుని కుడివైపు తీగని మొదటికంటా కోసెయ్యడం. బట్టల కత్తెర దానికి వాడడు, అది గుడ్డ తప్ప ఇంకేదీ ముట్టకూడదు. ఇంట్లో ఎవరు కొన్న జతైనా బల్ల మీద కనబడితే చాలు, చెయ్యి దానంతటదే పోయి కోసేస్తుంది. కూతురు చిన్నప్పుడు కొనుక్కున్నవీ అలాగే పోయాయి. కుడి చెవి ఖాళీగా ఉండాలి మరి, బాబిన్లో దారం అయిపోతే మిషను చప్పుడు పలచబడుతుంది, అది వినబడాలి. గిరాకీ గుమ్మంలోకి వస్తే వినబడాలి. వచ్చినవాడి మీద వెయ్యడానికి మాట ఒకటి తయారుగా ఉండాలి.

ఎందుకంటే అతని దుకాణానికి జనం వచ్చేది కుట్టు కోసం కొంత, నోటి కోసం కొంత. ఒక పోలీసాయన యూనిఫారం ట్రయల్‌కి వస్తే, మీ నుంచి తప్పించుకోవాలంటే దొంగ పరిగెత్తక్కర్లేదు సార్, మీ పొట్ట వెనక నిలబడితే చాలు అన్నాడు. ఆ పోలీసాయన నవ్వలేక, తిట్టలేక, నెల తిరక్కుండా గుమాస్తా పనికి మార్పించుకున్నాడు. గిరాకీ లేనప్పుడు, ఎదురుగా మనిషి లేనప్పుడు, కూర్చున్నవాళ్ళని నవ్వించాలంటే చేతికందే వస్తువు ఒకటుండేది, కూతురు. బడి నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని బొత్తాలు కుడుతూ కూనిరాగం తీసేది. గొంతు సన్నంగా, కొంచెం వణుకుతూ ఉండేది. మాస్టారు మిషను ఆపి వచ్చినవాళ్ళకేసి కన్ను గీటి ఏదో ఒకటి అనేవాడు, వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు, పిల్ల బొత్తాంలోంచి దారం లాగి ముడి వేసేది. ఏమీ అనుకునేది కాదు. అనుకోవడానికేముంది, నవ్వులాటకి అన్నవే కదా, తను ఎవర్ని అనలేదని. కాస్త పెద్దదయ్యాక ఫోను తెచ్చి కత్తిరింపుల బల్ల మీద సుద్ద పక్కన పెట్టి పని చేసుకునేది. పాటలు వింటోందనుకునేవాడు. ఒకరోజు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా ఏదో అన్నాడు, ఏమన్నాడో గుర్తులేదు, దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారని మాత్రం గుర్తుంది.

పెడలు ఆగింది. కోటు భుజం దగ్గరికి వచ్చాడు. ఆ పిల్లకి పుట్టుకతోనే ఎడమ భుజం కొంచెం కిందకి ఉంటుంది. ఆ సంగతి ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాడు మాస్టారు, అందరికీ చెప్పినవాడూ అతనే. కానీ ఈ కోటులో ఆ భుజం కింద దూది పొర మీద పొర వేసి, అంచులు పలచగా చీల్చి, వేలు పెట్టి తడిమినా ఎక్కడ మొదలైందో తెలియకుండా అమర్చాడు. హాల్లో దీపాల కింద ఆ పల్లం ఒక్కడికీ కనబడదు. దీనికి పట్టిన సమయంలో రెండు ప్యాంట్లు అయ్యేవి. ఈ దూదే బావుందని చెప్పినట్టు కాదా, మళ్ళీ నోటితో ఎందుకు? ఎందుకంటే దూది కనబడదు కనక. కనబడకుండా చేసిన మేలు ఎవడు చూస్తాడు. సరే, అంటాను. బావుంది. గొంతు సవరించుకుని చూశాడు. వెనక కాజాల సూది ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

పరదా బొమ్మ పెట్టాడు, అంటే కూతురిది. అట్ట మీద ఈ దుకాణం ట్రయల్ గది పరదానే, ఆ మూల చిరుగుతో సహా. పరదాని పెట్టింది, దాని పక్కన మిషను మీద కూర్చునేవాణ్ణి పెట్టడానికి చెయ్యి రాలేదు. భార్యకి తెలియకుండా ఈ రెండు వారాల్లో ఇది ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు, వెతుక్కుంటూ విన్నాడు. ఎక్కడో ఒక పాటలో తండ్రి అనేవాడు వస్తాడని. తిట్టినా సరే. తిడితే ఓర్చుకోవడానికి కూడా తయారై కూర్చున్నాడు, ఓర్చుకున్న మొహం ఎలా ఉండాలో అద్దంలో చూసుకున్నాడు. పాటల్లో బొత్తాలున్నాయి, సుద్ద ఉంది, అమ్మ చేతి మీద సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి, వర్షానికి కారే మూల ఉంది. తను లేడు. పైగా పాట నిండా ఖాళీలే. ఒక వాక్యం పాడుతుంది, ఆగుతుంది, ఎవరి కోసమో ఎదురుచూసినట్టు ఆగుతుంది, మళ్ళీ ఇంకో వాక్యం. చివరి పాటైతే మరీ దారుణం, రెండు ముక్కలు పాడి ఇక నోరు మూసుకుంటుంది, ఆ తర్వాత పాట అయిపోయేదాకా ఉత్త గాలి. మొన్న భోజనాల దగ్గర భార్య తనంతట తానుగా ఎలా ఉందండీ అని అడిగితే, కొలత తప్పి సగం గుడ్డతో కుట్టినట్టుందన్నాడు, చివరి పాట ఆల్బములోకి రాకముందే ఇంటికెళ్ళిపోయినట్టుందన్నాడు. ఆవిడ అవునండీ అని నీళ్ళ గ్లాసు నింపింది. నింపుతున్నప్పుడు ఆవిడ పెదవి చివర ఒకలా వంగింది. అది దుఃఖమనుకున్నాడు.

లేకపోవడమంటే ఏమిటో ఆ రెండు వారాల్లో అతనికి బాగా తెలిసింది. పేరున్న బట్టల్లో దర్జీ పేరు ఉండదు, అది అలవాటే. కానీ కన్నకూతురు బతుకంతా కూర్చి పాటలు కడితే అందులో ఒక్క కుట్టంత చోటు లేదంటే, ఇన్నేళ్ళు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చున్నట్టు? దుకాణానికి మాత్రం జనం పెరిగారు. అదొక వింత. కుట్టించుకునేది ఒక్క చొక్కా, వచ్చేది నలుగురు. వచ్చి, ఏదైనా అంటాడేమోనని మొహంలోకి చూస్తూ నిలబడతారు. అంటే, మొదటి ముక్కకే చంకలు ఎగరేస్తూ నవ్వి ఒకరినొకరు పొడుచుకుంటారు. తన నోటికి ఈ వయసులో మళ్ళీ పదునొచ్చిందని మాస్టారు మీసం సవరించుకుంటూ వచ్చాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడు. కూతురేమోనని మాట నాలుక చివరికి తెచ్చుకుని తల తిప్పితే, మందుల షాపు ఆయన, నాలుగు దుకాణాల అవతల ఉంటాడు, ప్యాంటు ట్రయల్‌కి వచ్చాడు. చెవుల్లో రెండువైపులా ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. పరదా వెనక్కి పోయి బయటికి వచ్చాడు, నడుము దగ్గర బొత్తాం ప్రాణాలు బిగబట్టుకుని ఉంది. మాస్టారు నోరు తెరిచేలోపే ఆయన రెండు చేతులూ ఎత్తి, మీరనక్కర్లేదు మాస్టారూ నేనే అనుకుంటాను, నా పొట్టకి ఇస్త్రీ పెట్టినా ముడత పోదు అన్నాడు, అంటూ మధ్యలో ఆగి, లయ చూసుకుని మరీ అన్నాడు. మాస్టారి వీపు మీద ఎవరో తడి చెయ్యి వేసినట్టయింది. ఆ మాట తనది. పొట్ట గురించి కాదు, గొంతు గురించి అన్నది. కూతుర్ని అన్నది. ఎప్పుడో, ఏ నాటి మాటో.

"అది మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పడమేంటి మాస్టారూ, మీ అమ్మాయి పాటలోదే కదా."

"పాటలో అటువంటిదేం లేదు. నేను విన్నాను."

మందుల షాపు ఆయన ఒకసారి మాస్టారి ఎడమ చెవికేసి, ఒకసారి కుడివైపు ఛాతీ మీద తెగి వేలాడుతున్న తీగ మొండికేసి చూశాడు. ఆయన మొహంలో వెలుగు మెల్లిగా వచ్చింది, మందు చీటీ మీద డాక్టరు రాత ఎట్టకేలకు అర్థమైనప్పుడు వచ్చే వెలుగు. తన ఫోనులో పరదా బొమ్మ మొదటినుంచీ పెట్టి, చెవుల్లోవి తీసి, తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"రెండూ పెట్టుకోండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పేస్తాను. మొదట్లో పందెం కాస్తానన్నాను, ఆ పందెం నేను సంతోషంగా ఓడిపోయాను. బజారులోకెల్లా గొప్ప చెవి మాస్టారిదే, కాకపోతే అది ఒక్కటే. అతను ఇన్నాళ్ళూ విన్నది ప్రతి పాటలోనూ సగం. తీర్పులు మాత్రం నిండుగా ఇచ్చాడు. గొడుగు బొమ్మవాడి డ్రమ్ములన్నీ కుడివైపు ఇల్లెగిరిపోయేలా మోగుతున్నాయని బజారులో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇటుకల వ్యాపారం పెట్టుకున్న ఆ గాయకుడు కూడా బహుశా కుడివైపు బ్రహ్మాండంగా పాడి ఉంటాడు, పాపం.

రెండూ పెట్టుకున్నాడు. ఎడమవైపు కూతురు ఒక వాక్యం పాడి ఆగింది. ఆ ఖాళీలో, కుడివైపు, చెవిలో నోరు పెట్టి చెప్పినంత దగ్గరగా, ఒక మగగొంతు: నీ గొంతుకి ఇస్త్రీ పెట్టినా ముడత పోదే. వెనక జనం నవ్వు. మిషను చప్పుడు. అతని మిషనే, ఆ మూడో తొక్కుకి కీచుమనే పెడలే. ఆమె ఇంకో వాక్యం పాడింది. ఆగింది. కుడివైపు: ఒక భుజం మేడ మీద, ఒక భుజం మెట్ల కింద, దీనికి చొక్కా కుట్టాలంటే ఇద్దరికి కొలతలు తియ్యాలండీ. నవ్వు. ఆమె పాట. ఆగడం. నువ్వు పాడుతుంటే మిషను కూడా నూనె అడుగుతోందే తల్లీ. మొదట మాస్టారికి కలిగింది ఏమిటో చెప్పనా, సంతోషం. ఉన్నాను. ఇందులో నేనున్నాను. ప్రతి పాటలో ఉన్నాను, ప్రతి ఖాళీ నాదే. పైగా ఎంత బాగా అన్నాను, ఎక్కడ విరవాలో అక్కడ విరిచాను, గుర్రం బొమ్మవాడు పదేళ్ళు సాధన చేసినా ఆ విరుపు రాదు. తన మాటకి తనే కిసుక్కున నవ్వాడు. మందుల షాపు ఆయన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆ నవ్వుని చూశాడు. ఊరంతా ఇదే పాడుకుంటోంది మాస్టారూ, నా షాపుకి దగ్గు మందుకి వచ్చేవాళ్ళు కూడా మీ మాటలే అంటున్నారు అన్నాడు. ఈ మధ్య వస్తున్న జనమంతా చొక్కాల కోసం కాదని, పాటలోని ముసలాడు నిజంగా ఉన్నాడా లేడా అని చూసిపోవడానికి వస్తున్నారని మాస్టారికి అప్పుడు తోచింది. తోచినా నవ్వు వెంటనే ఆగలేదు, చక్రంలాగా కాసేపు దానంతటది తిరిగింది.

చివరి పాట వచ్చింది. ఆమె ఎడమవైపు ఆ రెండు ముక్కలు పాడింది, వెళ్ళొస్తాను, వెళ్ళొస్తానని, ఇక నోరు మూసుకుంది. కుడివైపు పెట్టె కింద పెట్టిన చప్పుడు. ఎవరో గిరాకీ, అమ్మాయి ఎక్కడికండీ అని అడగడం. తన గొంతు, తీరిగ్గా, తర్వాతి మాటకి జనాన్ని ఊరిస్తూ: వీళ్ళమ్మకి బిడ్డ పుట్టిందనుకున్నామండీ, పుట్టింది బిడ్డ కాదు, కటింగులో పోయిన గుడ్డ, విప్పి కుడదామన్నా మిగిలేదేం లేదు, పోనివ్వండి, ఎవడో ఒకడు గచ్చు తుడవడానికి వాడుకుంటాడు. అప్పుడు నవ్వు. గిరాకీలది ముందు ఆగిపోయింది. తనది ఆగలేదు. ఒక్కడే నవ్వుతున్నాడు, ఊపిరి తిప్పుకుని మళ్ళీ నవ్వుతున్నాడు, చెప్పుల చప్పుడు గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధిలో కలిసిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఎడమవైపు ఏమీ లేదు. ఆ ఏమీలేనితనాన్నే కదా ఉత్త గాలి అన్నాడు.

మందుల షాపు ఆయన తన ఇయర్‌ఫోన్లు తనే మాస్టారి చెవుల్లోంచి తీసుకుని, ప్యాంటు మార్చుకొచ్చి బల్ల మీద పెట్టి, నడుము కొంచెం వదులు చెయ్యమని చెప్పి, వీధిలోకి వెళ్ళగానే ఎవరికో ఫోను చేశాడు. మాస్టారు మిషను మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తను అంత సేపు నవ్వాడా? గుర్తులేదు. గుర్తులేనిదాన్ని నిజమని ఎలా ఒప్పుకోవడం, కానీ మిషను కీచు నిజం, ఆ కీచుకి సాక్షిగా తన కాలే ఉంది. అయినా గిరాకీలు కూడా నవ్వారు కదా. వాళ్ళని ఎవరూ రికార్డు చెయ్యలేదే. కాదు, చేశారు, వాళ్ళు ముందు ఆపేశారు, అదీ పడింది. వెనక్కి తిరక్కుండానే, నీకు తెలుసా అని అడిగాడు. తెలుసు అంది భార్య. చెప్పలేదేం అన్నాడు. కాజా చుట్టూ దారం బిగించి, పళ్ళతో తెంపి, ఆవిడ తాపీగా జవాబిచ్చింది.

"ఇందులో నాకు కొత్తేముందండీ. ఇన్నేళ్ళూ నేను రెండు చెవులతోనే విన్నాను."

కిటికీ తలుపు మూసి మళ్ళీ తెరిచిన ఆ పిల్ల ఈవిడేనా అని అతనికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మూసే ఉంచాల్సింది అనుకుంటోందేమో. అడుగుదామనుకుని, వచ్చే జవాబు కూడా ఎక్కడో రికార్డవుతుందని భయపడ్డాడు.

కూతురు వచ్చింది. తల్లికేసి నవ్వింది, సంచీ దించింది, ఫోను తీసి ఎప్పటిలాగే సుద్ద పక్కన పెట్టింది. కోటు వేసుకుని అద్దం ముందు నిలబడింది. నల్లటి కోటు, లోపల ముదురు ఎరుపు, నడుము దగ్గర చెయ్యి పెట్టినట్టు కూర్చుంది. భుజాలు రెండూ ఒకే గీత మీద ఉన్నాయి. ఆమె ఎడమ భుజం మీద వేళ్ళు పెట్టింది, ఒకసారి నొక్కింది, వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది.

"ఇదేంటి?"

"దూది."

"తీసెయ్ నాన్నా."

"తీస్తే పల్లం కనబడుతుందే."

"కనబడాలి. ఆ పాట దగ్గర హాల్లో జనమంతా చూసేది దాన్నే."

నాన్నా అంది. ఎన్నాళ్ళకో అంది, దూది తియ్యమని అంది. మాస్టారు కోటు ఒళ్ళో పెట్టుకుని, లైనింగు కుట్టు విప్పి, పొర తర్వాత పొర బయటికి లాగాడు. పొగమంచు ముక్కల్లా బల్ల మీద పేరుకుంది. చేతులు పని చేసుకుంటున్నాయి, లోపల ఆ మాట మళ్ళీ కదిలింది, ఇదే అదను, అనెయ్, పోగు లేకుండా అనెయ్. కానీ పోగు ముందు వచ్చింది.

"విన్నాను. రెండు చెవులతో విన్నాను. ఇందాకే."

ఆమె తల్లికేసి చూసింది. తల్లి సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఆమె ఒక మంచి గిరాకీ పోగొట్టుకున్న వ్యాపారిలాగా నిట్టూర్చింది.

"నీకు వినబడకూడదనే కుడివైపు పెట్టించాను. కోసేస్తావు కదా."

"నేను బాధపడతాననా?"

"కాదు. వింటే నోరు జాగ్రత్త పెట్టుకుంటావు. అప్పుడు రెండో ఆల్బముకి నాకేం మిగులుతుంది?"

ఎంత చల్లగా అంది, ఎక్కడ విరవాలో అక్కడే విరిచి మరీ అంది. ఎవరి దగ్గర నేర్చుకుందో అడగక్కర్లేదు. మాస్టారికి ఒక పక్క ఒళ్ళు మండింది, ఒక పక్క గర్వం పొడుచుకొచ్చింది. ఇప్పుడు. బావుంది. తల ఎత్తాడు, నోరు తెరిచాడు, ఒక జీవితకాలం అలవాటు ఆ మాటని పక్కకి నెట్టేసి ముందుకు దూకింది.

"బావుంది, నా వంతు. నీ వంతే మరీ..."

అంటూ బల్లకేసి చూశాడు. సుద్ద పక్కన ఫోను, తెర పైకి ఉంది. దాని మీద ఒక ఎర్ర చుక్క, దాని పక్కన సన్నటి గీత. అతను మాట్లాడుతుంటే గీత కొండల్లా లేచింది, ఆపగానే నున్నగా పడుకుంది. నోరు తెరిచే ఉంది. మరీ తర్వాత రావాల్సిన ముక్క అక్కడే ఉంది, పదునుగా ఉంది, జనాన్ని కడుపుబ్బ నవ్వించే ముక్కే. రాలేదు. ఇంకోటి వెతికాడు, మంచిది, మెత్తటిది, ఆ గీత మీద పడినా ఫరవాలేనిది. అటువంటివి ఎప్పుడూ తయారుచేసి పెట్టుకోలేదు. కూతురు ఎదురుచూసింది. పాటలో ఆగినట్టే ఆగింది. తను ఇన్నాళ్ళూ ఏ ఖాళీలో కూర్చుని ఊరేగాడో ఆ ఖాళీ అతని ముందు నోరు తెరుచుకుని నిలబడింది, అందులో పడెయ్యడానికి ఒక్క మాట లేదు. గీత నున్నగానే ఉంది. భార్య సూది గుడ్డలోంచి దాటుతున్న చప్పుడు కూడా అందులో పడుతుందేమో.

చివరికి ఆమె కుట్టు విప్పిన కోటుని అతని ఒళ్ళోంచి తీసుకుని వేసుకుంది, లైనింగు తనే కుట్టుకుంటానంది, ఫోను అందుకుని ఆ ఎర్ర చుక్కని వేలితో నొక్కింది.

"పర్లేదు. ఇదీ పనికొస్తుంది."

మెట్లు దిగింది. ఎడమ భుజం కిందకి ఉండి నడుస్తుంటే ఆ కోటు వీపు మీద ఒక ముడత అటూ ఇటూ కదిలింది. మాస్టారు దాన్ని వీధి మలుపు దాకా చూశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతా జరిగింది జరిగినట్టే చెప్పాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయన్న ముక్క ఒక్కటే నేను కల్పించింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆ మనిషి మీద మీకు కాస్తయినా జాలి కలుగుతుందేమో చూద్దామని పెట్టాను.